సన్మాన గుహలో రెల్లువనం

గుర్రం శంఖపురి కోటగుమ్మం ముందుదాకా వచ్చి కూలిపోయింది. దాని మీంచి కేతడు ఒక పక్కకీ, అమరసెట్టి వేషంలో ఉన్న యువరాణి అమరావళి మరో పక్కకీ దొర్లిపడ్డారు. వెనక ఉప్పునేల మీదుగా తరుముకొస్తున్న పొగగద్దలు కోటగోడ నీడ తగలగానే కీచుమని అరిచి, ఉత్త పొగై, గాలిలో కలిసిపోయాయి. మాంత్రికుడు కాలశ్రవుడి మంత్రాలు ఇంకా ఆ గోడ దాటలేదు.

కేతడు లేచి దుమ్ము దులుపుకుంటూ యువరాణి మొహం చూశాడు. నవ్వాపుకోవడం కష్టమైంది.

"ముందు ఆ మీసం సంగతి చూడండి సెట్టిగారూ. ఒక ముక్క గడ్డం మీదకి దిగింది."

"నువ్వు ముందు నీ నోటి సంగతి చూసుకో," అంది అమరావళి మీసం నొక్కుకుంటూ. "నేను యజమానిని, నువ్వు బరువులు మోసేవాడివి. మాట్లాడే పని నాది."

"మోయడానికి బరువేదండీ, గుర్రంతో పాటే పోయింది."

నవ్వే తీరిక లేదు వాళ్లకి. కేతడి అన్న నాగన్న కుముదగిరి కోటలో దండుతో సహా చిక్కుకుని ఉన్నాడు. ఈ రోజు పొద్దు వాలగానే గద్దముక్కు కనుమలోంచి దిగి మాంత్రికుడి సేన మీద పడాలని అతని పన్నాగం. ఆ పన్నాగాన్ని పక్క కోటలవాళ్లకి పలుకుపుల్లలో చెప్పాడు. పలుకుపుల్ల అంటే జానెడు రెల్లుముక్క. నోటి దగ్గర పెట్టుకుని పేరు పిలిస్తే, ఆ పేరుగల మనిషి ఎంత దూరాన ఉన్నా అతని పుల్లలో మాట వినపడుతుంది. కాలశ్రవుడు వాటిని ఊరూరా ఉచితంగా పంచిపెట్టాడు. ఎందుకురా ఉచితం అని అడిగిన మొనగాడు ఒక్కడు లేడు. పుల్లలో పలికిన ప్రతి మాటా ముందు వాడి చెవిలో పడుతుందని, వాడికి నచ్చని మాటని దారిలోనే గొంతు నులిమేస్తాడని కేతడు వాడి శిబిరంలో వంటవాడి వేషంలో దూరి తెలుసుకున్నాడు. కనుమ అడుగున వాడి సేన బండల చాటున కాచుకుని ఉంది. నాగన్న దిగితే అతని దండులో మనిషి మిగలడు.

పుల్లలో హెచ్చరిస్తే మాట చేరలేదు. గొంతు దగ్గరే చచ్చింది. మిగిలిన దారి ఒక్కటే. కుముదగిరి బురుజులో తాతల నాటి పలుకుశంఖం ఉంది. దాని జోడు ఈ శంఖపురిలో ఉంది. ఈ జోడులో పలికితే ఆ జోడులో వినపడుతుంది, మధ్యలో ఏ మాంత్రికుడూ అడ్డం పడలేడు. అందుకే వచ్చారు.

గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టాక కేతడు కాసేపు వచ్చిన పని మరిచిపోయాడు.

నీలవాహిని నది మీద పడవ లాగి పెరిగినవాడు, పెద్ద పెద్ద ఊళ్లు చూడనివాడేం కాదు. కానీ ఇది ఊరా? మేడలన్నీ శంఖాల్లా మెలికలు తిరిగి ఆకాశంలోకి లేచాయి. ముత్యపు సున్నం పూసిన గోడలు ఎండకి గులాబీ రంగు తిరిగి, పక్క గోడల మీద మళ్లీ తెల్లగా మెరుస్తున్నాయి. గాలి వీచినప్పుడల్లా పుర వీధులన్నీ ఒకే గొంతై మంద్రంగా మోగుతున్నాయి. ఆ మోత చెవికంటే ముందు రొమ్ములో తెలుస్తుంది. నడిబొడ్డున మహాశంఖం. కొండని తొలిచి చేశారో, సముద్రమే కని గట్టున పడేసిందో. దాని నోట్లోకి ఏనుగులు బారులు తీరి వెళ్లొచ్చు. దాని వంపుల మీద పరంజాలు కట్టుకుని పాకుతున్న పనివాళ్లు బెల్లపు దిమ్మని పట్టిన చీమల్లా ఉన్నారు. లోకంలో మనిషి గొంతుని మొదటిసారి కొండలు దాటించిన ఊరు ఇది. కేతడికి తెలియకుండానే చేతులు దణ్ణానికి కలిశాయి.

పరంజా కింద సున్నం కలుపుతున్న మనిషిని అడిగాడు. "ఎవరి కోసం అన్నా, ఇంత పెద్దది?"

"సింహళకేతు చక్రవర్తికి. ఇంకా పెద్దది కావాలన్నాడు."

"ఆయన పోయి చాలా కాలమైందే."

"పోయాడు. వాళ్లబ్బాయి పుల్ల వాడతన్నాడంట." సున్నం మనిషి గరిట తిప్పుతూనే ఉన్నాడు. "పని ఆపమని మాత్రం మాకెవరూ చెప్పలేదు."

అతని చెవుల్లోంచి కారిన నెత్తురు మెడ మీద ఎండి నల్లబడి ఉంది. ఇంతసేపూ కేతడి పెదవులు చూసే జవాబు చెప్పాడు. శంఖాల కోసం సముద్రం అడుగుకి మునిగే వాళ్లకి చెవులు పగిలిపోతాయి. పగిలాక సున్నం పనిలోకి దించుతారు. ఊరి మెరుపంతా ఆ చెవులదే. ఆ సంగతి ఏ గోపురం మీదా చెక్కలేదు.

శంఖశ్రేణి పెద్దల సభ పాలరాతి మంటపంలో జరుగుతోంది. శంఖాలు చేసి అమ్మే హక్కంతా ఆ శ్రేణిదే, ఊరు ఏలేది కూడా వాళ్లే. గోడల నిండా గూళ్లు, గూటికొక శంఖం, శంఖానికొక రాజ్యం పేరు. ఒకప్పుడు ఆ గూళ్లన్నీ ఒక్కసారే మాట్లాడేవట. ఆ హోరుకి చెవులు చిల్లులు పడకుండా పెద్దలు దూది పెట్టుకునేవారు. ఇప్పుడు ఒక్క గూడూ పలకడం లేదు. దూది మాత్రం అలాగే ఉంది. జరీ దారం చుట్టి, పచ్చల పొడి అద్ది, పదవిని బట్టి లావూ సన్నం ఏర్పాటు చేసుకున్నారు. శ్రేణి అధిపతి గంభీరనాథుడి చెవుల్లో నిమ్మకాయంత ఉండలున్నాయి.

"కుముదగిరి నుంచి వచ్చాం," అంది అమరావళి గొంతు లావు చేసి. "మా జోడు శంఖంలో ఒక్క మాట పలకాలి. పొద్దు వాలే లోపల."

"తమరికి స్వాగతం. సముద్ర ప్రయాణం బాగా జరిగిందా?" అన్నాడు గంభీరనాథుడు.

"సముద్రం కాదయ్యా, శంఖం," అని అరిచాడు కేతడు. "శంఖం కావాలి. మా అన్న చచ్చిపోతాడు."

ఆ అరుపుకి సభ అటు తిరిగింది. భాండాగారి కుముదగిరి గూట్లోంచి శంఖం తీసి, దూది లాగి చెవి దగ్గర పెట్టుకుని, తల అడ్డంగా ఊపాడు. "దీని జోడు ఎండిపోయింది. మా బావి నీళ్లు నెలనెలా పోస్తేనే శంఖం పలుకుతుంది. మీవాళ్లు నీళ్లు తీసుకోవడం మానేసి ఏళ్లయింది."

"ఎందుకు మానేశారని మీరెప్పుడైనా అడిగారా?" అంది అమరావళి.

"మేమెందుకు అడుగుతాం. దాహమేస్తే వాళ్లే వస్తారు."

కేతడు భాండాగారి చేతిలోని శంఖం వంక చూశాడు. ఇంత దూరం, ఇన్ని గద్దలు, చచ్చిన గుర్రం, అంతా ఎండిన గవ్వ కోసమా. అమరావళి మాత్రం నడుములోంచి పలుకుపుల్ల తీసి గంభీరనాథుడి ముందున్న పీట మీద పడేసింది. "ఇదిగో, ఇందుకు మానేశారు. దీన్ని ఓడించే వస్తువు మీ దగ్గర ఏముందో చెప్పండి."

సభ నవ్వుతుందనుకున్నాడు కేతడు. నవ్వలేదు. పెద్దలందరూ ఆసనాల మీంచి లేచారు. గంభీరనాథుడు చెవుల్లో దూది తీశాడు, మిగతా వాళ్లూ తీశారు. ఆ ముసలి కళ్లలో నీళ్లు నిండాయి.

"ఇది మా బిడ్డ," అన్నాడు గంభీరనాథుడు. "ఈ మంటపంలోనే పుట్టింది. ఓబులాంబ అనే మహానుభావురాలు చేసింది. నేనప్పుడు కుర్రవాణ్ని. మొదటి మాట నా చెవిలోనే పలికింది."

అమరావళి అడిగింది. "మరి మీరే లోకానికి ఎందుకివ్వలేదు?"

"ఎంత మాట. అంతకంటే ఎక్కువే చేశాం. సన్మానం చేశాం."

అతను చెయ్యెత్తగానే భేరీలు మోగాయి. ఎక్కణ్ణుంచి వచ్చాయో పట్టుశాలువలు భుజాల మీద పడ్డాయి, ముత్యాల హారాలు మెడలో పడ్డాయి, చందనం చెంపలకి పూశారు. ఇంటి బిడ్డని ఇంటికి తెచ్చిన పుణ్యమూర్తులని పొగుడుతూ ఇద్దర్నీ పల్లకీ ఎక్కించారు. బతుకులో శాలువా కప్పించుకోవడం కేతడికి అదే మొదలు. సిగ్గు లేకుండా చెప్పాలంటే కాసేపు బాగానే అనిపించింది.

"సెట్టిగారూ, మంచివాళ్లలా ఉన్నారే."

"కేతా, ఈ పల్లకీ కిందికి దిగుతోంది."

అవును. పల్లకీ మహాశంఖం అడుగున ఉన్న సొరంగంలోకి దిగుతోంది. కేతడు దూకబోయేసరికి బోయీలు పల్లకీని ఒక్క ఊపు ఊపి వాళ్లని చీకట్లోకి ఒంపేశారు. వెనక ఏనుగంత రాతి తలుపు మూసుకుంది. తలుపు సందులోంచి గంభీరనాథుడి గొంతు నిండు ప్రేమతో వినిపించింది. "ఏటేటా పాలాభిషేకం చేయిస్తాం. మీ పేరు చెక్కిస్తాం. నిశ్చింతగా ఉండండి."

కేతడు తలుపుని భుజంతో గుద్దాడు, కాళ్లతో తన్నాడు, బూతులు తిట్టాడు. తలుపు కదల్లేదు.

అప్పుడు వెనక నుంచి గాలి వీచింది. ఆ గాలిలో మాటలున్నాయి.

మెల్లిగా వెనక్కి తిరిగాడు. కళ్లు చీకటికి అలవాటు పడేకొద్దీ తల పైపైకి ఎత్తాడు. గుహ కాదది, భూమి కింద ఇంకో ఆకాశం. దాని నిండా రెల్లు. తాటిచెట్ల ఎత్తున, వెండిరంగు కాండాలతో, మిణుగురుల్లాంటి కంకులతో, చూపు ఆనినంత దూరం రెల్లువనం. వేర్లు రాతిని చీల్చుకుని పైకెక్కి ఊరి పునాదుల్ని పిడికిట్లో పట్టుకున్నట్టు అల్లుకున్నాయి. పైన ఒక పగులులోంచి ఎండ ఒక కర్రలా దిగింది. ఆకు ఆకునా గుసగుస. ఎవరో తల్లి బిడ్డని అన్నానికి పిలుస్తోంది. ఎవరో మిరియాల ధర బేరమాడుతున్నాడు. పెళ్లాం మీద అలిగినవాడు, వాన కోసం మొక్కేవాడు, ముద్దుకి బతిమాలేవాడు. లోకంలో ఉన్న పలుకుపుల్లలన్నీ ఇక్కడ మాట్లాడుతున్నాయి.

"తొక్కకండర్రా, అక్కడ పిలకలున్నాయి."

రెల్లు చాటు నుంచి ఒక ముసలామె వచ్చింది. తలంతా ముగ్గుబుట్ట, భుజం మీద చిరుగులు పడ్డ పట్టుశాలువా, చేతిలో కొడవలి.

"ఓబులాంబగారా?" అంది అమరావళి.

"ఓబులమ్మని. అంబ, గింబ అన్నది వాళ్లు. నీ మీసం ఊడింది, అమ్మాయ్."

అమరావళి మీసం పీకి పారేసింది. కేతడు ఉన్న సంగతంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ముసలామె విని, కొడవలి నేలకి గుచ్చి కూర్చుంది.

"వాళ్లు నన్ను తిట్టలేదు నాయనా. తిట్టినా బాగుండేది, ఇంకో ఊరికి పోయి చేసుకునేదాన్ని. చప్పట్లు కొట్టారు. దీనికి నీళ్లు పొయ్యక్కర్లేదు అన్నాను. సభంతా గొల్లుమంది సంతోషంతో. ఒక్కడు మాత్రం మెల్లిగా అడిగాడు, మరి మన బావి సంగతేంటని. అంతే, ఆ చప్పట్లు అట్లాగే కొడుతూ నన్ను ఇక్కడికి తెచ్చారు."

"ఒక్కరికీ పనికొస్తుందని తోచలేదా?" అంది అమరావళి.

"ఆ సభకి ముందే రాజులకి చూపించార్లే. గొంతు కీచుగా ఉంది, మా దర్జాకి తగదు, ఇంకా పెద్ద శంఖం చెయ్యండి అన్నారు రాజులు. గొర్రెలు కాసుకునేవాళ్లని అడగండయ్యా అన్నాను నేను. గొర్రెలవాళ్లు మన దగ్గర కొనరు కదా అన్నారు వీళ్లు. కొనేవాణ్ని అడుగుతారు గానీ కొననివాణ్ని ఎవడడుగుతాడు."

"కాలశ్రవుడికి ఇది ఎలా చేరింది?"

ముసలామె కొడవలి పిడి తిప్పుతూ చెప్పింది. "పాలాభిషేకానికి పూజారి వేషంలో వచ్చాడు. ఒక పిలక ఇమ్మన్నాడు. నలుగురికీ పంచుతానన్నాడు. నా చేత్తోనే ఇచ్చాను. పంచాడు. ఆ మాట తప్పలేదు."

కేతడు పైన పగులు వంక చూశాడు. ఎండకర్ర పసుపు తిరుగుతోంది. "అమ్మా, వాడిది పిలకైతే ఇది తల్లిదుబ్బు. ఇక్కణ్ణుంచి పలికితే వాడు నొక్కగలడా?"

"తల్లి మాటని పిలక నొక్కలేదు. కానీ నడిబొడ్డున ఉన్న మొదటి కాండంలోనే పలకాలి. అందులో పలికితే ఒక్కడికి చేరడమంటూ ఉండదు, లోకమంతా వింటుంది. వాడూ వింటాడు. తల్లి ఎక్కడుందో వాడికి ఇన్నాళ్లూ తెలియదు, ఈ రెల్లులో తిప్పి తిప్పి, వచ్చిన ఊరు కూడా మరిచేట్టు చేసి నేనే పంపాను. నువ్వు నోరు తెరిస్తే తెలిసిపోతుంది. ఆలోచించుకో."

"ఆలోచించడానికి మా అన్నకి అంత పొద్దు లేదమ్మా," అన్నాడు కేతడు, అప్పటికే పరుగెడుతూ.

రెల్లు చీల్చుకుంటూ పోయాడు. ఆకులు కత్తుల్లా ఒళ్లంతా గీశాయి. పాలాభిషేకాల పాలన్నీ కాలవకట్టి పారే మడుగు అడ్డం వచ్చింది. మడుగు గట్టున పడి ఉన్న దుంగ మీద కాలేశాడు. దుంగ కదిలింది. పాలు తాగి తాగి తెల్లబడిన కొండచిలువ తలెత్తి, పల్లకీ పట్టేంత నోరు తెరిచింది.

"దాని ముక్కు మీద ఒకటియ్యి," అని వెనకనుంచి అరిచింది ఓబులమ్మ. "ఒట్టి బద్ధకపుది."

కేతడు భుజం మీది సన్మానపు శాలువా తీసి దాని నోట్లో కుక్కాడు. కొండచిలువ దాన్ని నములుతూ ఆలోచనలో పడింది. అమరావళి దాని వీపు మీంచే పరుగెత్తుకొచ్చి కేతడి చెయ్యి పట్టుకుని అవతలి గట్టుకి దూకించింది.

అక్కడుంది మొదటి కాండం. మిగతావన్నీ తాళ్లయితే ఇది స్తంభం. తెల్లగా, ఊపిరి తీస్తున్నట్టు ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. కేతడు దాన్ని రెండు చేతులా కౌగిలించుకుని నోరు ఆనించాడు.

"అన్నా, నేను కేతణ్ని. కనుమలోకి దిగకు. కింద బండల చాటున వాడి సేన ఉంది."

గుసగుసలన్నీ ఆగిపోయాయి. వనమంతా ఊపిరి బిగపట్టింది. చాలాసేపటికి నాగన్న గొంతు వచ్చింది.

"నువ్వు కేతడివని నమ్మకమేంటి? దండు సగం దిగింది. మాంత్రికుడు ఏ గొంతైనా తెచ్చుకుంటాడు."

కేతడు కళ్లు మూసుకున్నాడు. లోకమంతా వింటోంది. "జలగ పట్టిందని ఏడ్చి, పంచె విప్పి పడవలో పారేసి, రేవులో ఆడవాళ్లందరి ముందునుంచీ ఇంటిదాకా పరుగెత్తినవాడివి నువ్వు. పంచె నేను తెచ్చిచ్చాను."

తరవాత ఎక్కడో ఒక గొర్రెలకాపరి కిసుక్కుమన్నాడు. ఇంకెక్కడో ఒక ఇల్లాలు. ఆ నవ్వు ఆకు నుంచి ఆకుకి, రాజ్యం నుంచి రాజ్యానికి పాకి, రెల్లువనం మొత్తం పొట్ట పట్టుకుని ఊగిపోయింది. ఎన్నడూ ఒకరినొకరు చూడని జనం ఒకే మాటకి ఒకేసారి నవ్వడం కేతడు అదే వినడం. ఒంటి మీద రోమాలు లేచి నిలబడ్డాయి. ఇంత శక్తిని గుహలో పెట్టి పాలు పోశారు కదరా వీళ్లు అనుకున్నాడు.

"ఒరే కేతిగా," అన్నాడు నాగన్న. "తిరిగొచ్చాక నిన్ను చంపుతాను. దండు వెనక్కి తిప్పుతున్నా. దారిలో మాట్లాడుతూ ఉండు, వాడెటు కదిలాడో చెప్పు."

అప్పుడు వచ్చింది మూడో గొంతు. మెత్తగా, తడిగా, చెవి లోపల పురుగు పాకినట్టు.

"శంఖపురి అడుగున అన్నమాట," అన్నాడు కాలశ్రవుడు. "ఎన్నాళ్లు వెతికానో. కృతజ్ఞుణ్ని, పడవవాడా."

కేతడు కాండం వదల్లేదు. "అందరూ వినండి," అన్నాడు. "మీరు పలికే ప్రతి మాటా వీడు వింటున్నాడు. వీడికి నచ్చని మాట మీవాళ్లకి చేరదు. కుముదగిరివాళ్లు తప్ప మిగతా అందరూ పుల్లలు కింద పెట్టండి. ఇప్పుడే."

ఒక గుసగుస ఆగింది. ఇంకొకటి. అన్నానికి పిలిచే తల్లి, బేరగాడు, అలిగిన మొగుడు, ఒక్కొక్కరే నిశ్శబ్దమయ్యారు. దీపాలు ఆరిపోయినట్టు వనం మూగబోతూ పోయింది. ఇన్నేళ్లలో వాడి చెవి మొదటిసారి ఖాళీ అయింది.

ఆ ఖాళీలోంచి పిచ్చికేక లేచింది. దూరాన ఎక్కడో కాలశ్రవుడు తన పిలకదుబ్బుని పట్టి లాగాడు. వనమంతా ఒకే వైపు వంగింది. వేర్లు కేతడి కాళ్లని చుట్టేశాయి. రెల్లు నడుముకి, రొమ్ముకి మెలిపడింది. ఎదురుగా రాతిగోడ పెళపెళమని నిలువునా చీలి, వేర్లు తొలిచిన సొరంగం ఒకటి నోరు తెరిచింది.

ఓబులమ్మ కొడవలి ఎత్తింది. "కాండం కోసేస్తాను. లేకపోతే నిన్ను లాక్కుపోతాడు."

"కొయ్యకమ్మా. మా అన్న ఇంకా కనుమలోనే ఉన్నాడు." కేతడు రొప్పుతూ మళ్లీ నోరు ఆనించాడు. "అన్నా, మీ ఎడమ పక్కవాళ్ల పుల్లల్లో శత్రువుల కొమ్ములు వినపడుతున్నాయి. కుడి గట్టు పట్టు. మోకాటి బండ దాటారా?"

"దాటాం. వెనకవాళ్లు మిగిలారు."

రెల్లు మెడకి చుట్టుకుంది. అమరావళి కేతడి కాలు రెండు చేతులా పట్టుకుని, పాదాలు నేలకి తన్నిపెట్టి వెనక్కి లాగుతోంది. ఆమె మడమలు నేలలో చాళ్లు తీస్తున్నాయి. "వదిలెయ్యండి," అన్నాడు కేతడు.

"యజమానిని నేను. వదలాలో వద్దో నేను చెబుతాను."

"అన్నా, ఎంతమంది మిగిలారు?"

జవాబు రాలేదు. కొమ్ముల మోత, కత్తుల చప్పుడు, ఎవరో అరవడం. కేతడి కళ్లకి చీకట్లు కమ్మాయి. మాట పెగలడం లేదు, అయినా పెదవులు కాండం మీదనే ఉంచాడు. చివరికి ఇనప గడియ పడ్డ శబ్దం, దాని వెనకే నాగన్న ఆయాసం.

"ఆఖరివాడు కూడా లోపలికొచ్చాడురా. తలుపేశాం. ఒరే, నీ గొంతేంటి అలా ఉంది? ఎక్కడున్నావు నువ్వు?"

"ఇప్పుడు కొయ్యమ్మా," అన్నాడు కేతడు.

కొడవలి మెరిసింది. కాండం తెగింది, లోకంలో పుల్లలన్నీ ఒక్కసారి నిట్టూర్చాయి. కానీ చుట్టుకున్న వేర్లు తెగలేదు. అవి కేతణ్ని, అతని కాలు వదలని అమరావళిని కలిపి సొరంగంలోకి లాక్కుపోయాయి. బాణంలాంటి వేగం. రాళ్లు చెవుల పక్కనుంచి రివ్వుమంటున్నాయి. నదులు నెత్తిమీదుగా ఉరుముతూ వెనక్కి పోయాయి, కొండల పునాదులు పోయాయి, ఓబులమ్మ కేక ఎప్పుడో వినపడడం మానేసింది.

వేగం తగ్గింది. ఎదురుగా ఎర్రటి వెలుతురు కనిపించింది. ఆ వెలుతురు మధ్య, తల్లి కాండం తెగడంతో వాడిపోతున్న పిలకదుబ్బు పక్కన, నేలకి చెవి ఆనించి, వాళ్ల రాకని వింటూ ఒక ఆకారం కూర్చుని ఉంది.